గుయ్యిమంటున్నది మైకు కాదు

ఇంటింటికీ ఇంటర్నెట్ వచ్చింది. దానితో పాటు ఒక చిన్న నల్లడబ్బా గోడకెక్కింది. గుడి మైకుల్లో, పాత రేడియోల్లో, చెవి మిషన్లలో ఈమధ్య వినిపిస్తున్న మోతకు, ఆ డబ్బాకు ఉన్న సంబంధం ఏమిటి?

శ్రీరామనవమి ముందు సాయంత్రం. నంద్యాల సీమలోని పాములపాడులో గుడి ముందు షామియానా కింద భజన బృందం కూర్చుంది. హార్మోనియం శ్రుతి కుదిరింది. తబలా మీద రెండు దెబ్బలు పడ్డాయి. మైకు స్విచ్ వేయగానే వేపచెట్టుకు కట్టిన హార్న్ లోంచి పాట కంటే ముందు ఒక మోత వచ్చింది. ఎక్కడా ఆగకుండా, ఒకే మట్టంలో సాగే గుయ్యి. దాని మీద సన్నగా ఒక కీచు.

మైక్‌సెట్ కుర్రాడు మైకు మార్చాడు. తీగ మార్చాడు. జాక్ ఊడబీకి, తుడిచి, మళ్లీ పెట్టాడు. మోత అట్లే ఉంది.

"ఏమప్పా, పోయినేడు బాగా పలికిందే నీ సెట్టు. ఈసారేంది గుయ్యిమంటాంది?" అన్నాడు కమిటీ పెద్ద.

"సెట్టు బాగుండాది పెద్దన్నా. పోయినేటికి, ఈ యేటికి ఈడ ఏం మారిందో చెప్పు."

మారింది ఉంది. దొంగల భయంతో గుడికి సీసీ కెమెరాలు పెట్టించారు. వాటి కోసం ఫైబర్ కనెక్షన్ తీసుకున్నారు. ఫైబర్ బాక్సు, వైఫై రూటరు, కెమెరాల పెట్టె అన్నింటి అడాప్టర్లూ యాంప్లిఫైయర్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే గుచ్చి ఉన్నాయి. కుర్రాడు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. మూడోది తీయగానే హార్న్ నోరు మూసుకుంది.

"ఫైబర్‌కూ మైకుకూ ఏం సంబంధమప్పా?" పెద్దాయనకు నమ్మకం కుదరలేదు.

ఆ ప్రశ్న ఈ ఒక్క గుడిది కాదు. మసీదులో అజాన్ వేళ, చర్చిలో ప్రార్థన మధ్యలో, పెళ్లి పందిట్లో, ఇంట్లో పాత టేప్‌రికార్డర్ దగ్గర ఇదే మోత ఎదురవుతోంది. చాలామంది సెట్టు పాడైందనుకుని మెకానిక్ దగ్గరికి మోస్తున్నారు. ఏ లోపమూ లేని యాంప్లిఫైయర్లు పాత ఇనుము కింద అమ్ముడుపోతున్నాయి. ఈ కథనం రాయడానికి కారణం అదే.

గాజుతీగ తప్పేమీ లేదు

ముందు ఒక అనుమానం తీర్చాలి. ఫైబర్ తీగ మన ఊళ్లలోకి కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ తవ్వకాల ఖర్చు తప్పించడానికి స్తంభాలనే ఆసరా చేసుకుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రాజెక్టును ప్రారంభించారు. నెలకు రూ.149కే టీవీ, ఇంటర్నెట్ అన్న మాట పల్లెల్లో ఎంత తిరిగిందో అందరికీ గుర్తుంది. తర్వాత కరోనా వచ్చి పిల్లల చదువులు ఫోన్లలోకి వెళ్లాయి. ప్రైవేటు కంపెనీల కనెక్షన్లూ వచ్చి చేరాయి. నిన్నటిదాకా మండల కేంద్రంలో నెట్ సెంటర్‌కు వెళ్లినవాళ్ల ఇంట్లోనే ఇప్పుడు రూటరు రాత్రింబవళ్లు మిణుకుమంటోంది.

తీగ కరెంటు స్తంభం మీద నుంచి వస్తోంది కాబట్టి కరెంటు మోతను మోసుకొస్తోందని కొందరు నమ్ముతున్నారు. అది నిజం కాదు. ఆ తీగ లోపలున్నది వెంట్రుక మందాన గాజుపోగు. దానిలో పారేది వెలుతురు. గాజులో కరెంటు పారదు కనుక మోతను అది మోయలేదు. వైఫై తరంగాల పాత్ర కూడా చాలా తక్కువ. రూటరును మైకు పక్కనే ఆనించి పెడితే తప్ప అవి వినిపించవు. నేరం ఎక్కువసార్లు ఆ పరికరానికి కరెంటు అందించే అడాప్టర్‌ది. మిగతాది ఎర్తింగ్‌ది.

అడాప్టర్ పొట్టలో ఏముంది

ఇరవై ముప్పై ఏళ్ల కిందటి టేప్‌రికార్డర్ అడాప్టర్ చేతిలో పట్టుకున్న వాళ్లకు దాని బరువు గుర్తుంటుంది. లోపల ఇనుపరేకులు, రాగితీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్. వేడెక్కేది, బరువుండేది, కానీ అల్లరి చేసేది కాదు. ఇప్పటి అడాప్టర్ అరచేతిలో ఇమిడిపోతుంది. అది 230 వోల్టుల కరెంటును ముందు దాదాపు 325 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ డీసీని సెకనుకు 60 వేలు, లక్ష సార్లు తెంపి కలిపి, వేలెడంత ట్రాన్స్‌ఫార్మర్ గుండా పంపి, 12 వోల్టులుగా బయటికిస్తుంది. కరెంటు వృథా తక్కువ, ధర తక్కువ. ఈ విధానం రాకపోతే ఇంత చౌకగా రూటరు, ఫోన్ చార్జర్ మనకు దొరికేవే కావు.

కానీ కరెంటును అంత వేగంగా తెంపినప్పుడల్లా అలజడి పుడుతుంది. అది బయటికి పోకుండా తీగచుట్టలు, కెపాసిటర్లతో వడపోత పెట్టాలి. నాలుగైదు రూపాయలు మిగిలించుకోవాలనుకున్న తయారీదారు మొదట తీసేసేది ఈ వడపోతనే. అది లేకున్నా అడాప్టర్ పనిచేస్తుంది, రూటర్ లైటు వెలుగుతుంది, కొన్నవాళ్లకు తేడా తెలియదు. అలజడి మాత్రం గోడలోని వైర్లలోకి దిగిపోతుంది.

మంచి అడాప్టర్‌లోనూ ఒక చిక్కుంది. అలజడిని అణచడానికి కరెంటు వైపుకు, 12 వోల్టుల వైపుకు మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. విప్పి చూస్తే తరచు నీలంరంగు బిళ్ల రూపంలో కనిపిస్తుంది. దాని గుండా రవ్వంత కరెంటు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. మామూలు లెక్కన 0.16 మిల్లీ ఆంపియర్. ప్రాణానికి ప్రమాదం లేదు. చెంప ఆనిస్తే చిమచిమలాడుతుంది, అంతే. రెండు పిన్నుల అడాప్టర్‌కు ఎర్త్ ఉండదు కాబట్టి ఆ కరెంటు ఎక్కడో ఒకచోట దారి వెతుక్కోవాలి. టీవీ బాక్సు నుంచి యాంప్లిఫైయర్‌కు ఆడియో తీగ కలిపారంటే దారి దొరికినట్లే.

ఇక్కడ లెక్క చూడండి. మైకు ఇచ్చే సంకేతం ఒకటి రెండు మిల్లీవోల్టుల పాటిది. తుప్పు పట్టిన జాక్, నలిగిన తీగ కలిసి ఒక ఓమ్ నిరోధం చూపిస్తే ఆ 0.16 మిల్లీ ఆంపియర్ అక్కడ 0.16 మిల్లీవోల్టు పుట్టిస్తుంది. గొంతును రెండు మిల్లీవోల్టులుగా లెక్కేసినా, అందులో దాదాపు పన్నెండో వంతు మోత! యాంప్లిఫైయర్‌కు గొంతేదో మోతేదో తెలియదు. రెంటినీ కలిపి వేల రెట్లు పెంచి హార్న్‌లోకి తోస్తుంది. అడాప్టర్లు మూడు నాలుగుంటే కారే కరెంటూ ఆ మేరకు పెరుగుతుంది.

■ బాక్స్: చప్పుడును బట్టి దొంగను పట్టొచ్చు

● లావుగా, ఆగకుండా వచ్చే "హమ్": 50 హెర్ట్జ్. ఎర్త్ సరిగా లేదు, లేదా రెండు చోట్ల ఎర్త్ అయి తీగల్లో చక్రం పడింది.

● గరగరలాడే "బజ్": 100 హెర్ట్జ్, దాని గుణిజాలు. అడాప్టర్లు, డిమ్మర్లు, చౌక ఎల్‌ఈడీ బల్బులు.

● "డిగ్ డిగ్ డిగ్" అని ఫోన్ మోగే ముందు వచ్చేది: 2జీ ఫోన్. సెకనుకు దాదాపు 217 సార్లు అది తరంగాన్ని వేసి ఆపుతుంది.

● సెకనుకు పది చొప్పున సన్నటి టిక్కులు: వైఫై రూటరు. తన పేరు చాటుకోవడానికి మామూలుగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒక సంకేతం పంపుతుంది. మైకుకు, రూటరుకు మధ్య అడుగు దూరం కూడా లేనప్పుడే ఇది వినిపిస్తుంది.

900 మీద కడప

మైకు కన్నా ఎక్కువ దెబ్బ తిన్నది మీడియం వేవ్ రేడియో. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. 900 కిలోహెర్ట్జ్ మీద వచ్చే ఆ కేంద్రం నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెలకు వానకబురూ, పంటకబురూ, పాటా మోసుకొచ్చింది. ఇప్పటికీ ముసలివాళ్లు కొందరు ముల్లు అక్కడికే తిప్పుతారు. వినిపించేది గరగర.

కారణం వెతకడానికి పెద్ద చదువు అక్కర్లేదు. సెకనుకు లక్షసార్లు, అంటే 100 కిలోహెర్ట్జ్ మీద తెంపే అడాప్టర్ ఆ ఒక్క సంఖ్య దగ్గరే ఆగదు. 200, 300, 400 దగ్గర కూడా అలజడి చేస్తుంది. తొమ్మిదో మెట్టు సరిగ్గా 900. అడాప్టర్లలో ఎక్కువగా వాడే ఇంకో చిప్ 65 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. దాని పద్నాలుగో మెట్టు 910, పక్క ఇల్లే. కడప నుంచి అంత దూరం దాటి అలిసి వచ్చిన తరంగం ఒకవైపు, మంచం పక్కనే గోడకు వేలాడే అడాప్టర్ ఒకవైపు. పోటీ ఎట్లా సమానమవుతుంది?

"బ్యాటరీలు మార్చినా, రేడియో మార్చినా ఇంతే. కరెంటు పోయినప్పుడు మాత్రం కడప బాగా పలుకుతుంది" అని ఈ ప్రాంతపు రిటైర్డ్ టీచరు ఒకాయన చెప్పారు. ఆయన తెలియకుండానే సరైన పరీక్ష చేశారు. కరెంటు పోయినప్పుడు ఆయన ఇంటి అడాప్టర్ ఒక్కటే కాదు, వీధిలో అందరివీ ఆగిపోతాయి.

ఒకరి అడాప్టర్ అలజడి వీధంతటికీ ఎట్లా చేరుతుందో కాలువ నీళ్లను చూస్తే తెలుస్తుంది. బనకచర్ల రెగ్యులేటర్ ఉన్నది పాములపాడు మండలంలోనే. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే నీళ్లు అక్కడ మూడు దారులవుతాయి. ఎగువన నీటిలో ఏది కలిసినా మూడు దారుల్లోని పొలాలకూ చేరుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఇళ్ల కరెంటు తీగలూ అంతే. ఒక ఇంట్లో గుచ్చిన చెడ్డ అడాప్టర్ పక్కింటి రేడియోలో కూడా వినిపిస్తుంది. ఆ పక్కింటాయన తన రేడియోను తిట్టుకుంటాడు.

ఎండిన నల్లరేగడి

ఎర్తింగ్ సంగతికి వస్తే ఇది మన నేలకు ప్రత్యేకమైన కథ. నంద్యాల సీమ నల్లరేగడి. వానాకాలం తడిసినప్పుడు కరెంటును చక్కగా ఇముడ్చుకుంటుంది. చైత్ర వైశాఖాలకు ఎండి నెర్రెలు విచ్చుతుంది. ఎర్త్ పైపుకు, మట్టికి మధ్య సందు పడుతుంది. ఎర్త్ గుంతలో వేసిన బొగ్గు, ఉప్పు ఏళ్ల తరబడి నీళ్లు చూడక పనికిరాకుండా పోతాయి. పాత ఇళ్లలో గుంతే ఉండదు, మూడో పిన్ను రంధ్రం వెనక తీగే ఉండదు. శ్రీరామనవమికి మోత పెరగడం, వినాయక చవితికి కాస్త తగ్గడం గమనించిన మైక్‌సెట్ వాళ్లు ఉన్నారు. వాళ్ల గమనింపు వెనక నేల తడి ఉంది.

గుయ్యి భరించలేక కొందరు చేసే పని ఒకటుంది. దాని గురించి గట్టిగా చెప్పాలి. యాంప్లిఫైయర్ ప్లగ్గులోని లావు పిన్నును విరిచేస్తారు, లేదా రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చుతారు. ఎర్త్ చక్రం తెగి మోత నిజంగానే ఆగుతుంది. "చూసినావా, పోయింది" అని సంతోషపడతారు. పోయింది మోత కాదు, పాడేవాడి రక్షణ. లోపల ఎప్పుడైనా ఫేజు తీగ యాంప్లిఫైయర్ ఒంటికి తగిలితే, ఆ కరెంటు ఎర్త్‌లోకి పోయి ఫ్యూజు కొట్టేయాలి. పిన్ను లేకపోతే 230 వోల్టులు ఇనుప మైకు దాకా వచ్చి నిలుస్తాయి. అభిషేకం నీళ్లలో, వానతడిలో వట్టికాళ్లతో నిలబడి మైకు పట్టుకునే పూజారికి, పాటగాడికి అది మృత్యువు. మోత ఉన్నా ఫరవాలేదు, పిన్ను ముట్టుకోవద్దు.

వేల్స్ పల్లెలో పద్దెనిమిది నెలలు

ఇంట్లోని ఒక పరికరం ఊరందరి తీగల్లోకి చొరబడుతుందంటే అతిశయోక్తి అనిపించవచ్చు. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబర్‌హోసన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ రోజూ పొద్దున 7 గంటలకు ఊరంతటికీ ఇంటర్నెట్ తెగిపోయేది. ఒకటి రెండు రోజులు కాదు, పద్దెనిమిది నెలలు. టెలికాం సంస్థ ఓపెన్‌రీచ్ ఇంజినీర్లు తీగలు మార్చారు. ఫలితం లేదు. చివరికి తరంగాలను కొలిచే యంత్రం పట్టుకుని, తెల్లవారుజామున జోరువానలో వీధులు తిరిగారు. సరిగ్గా 7 గంటలకు యంత్రంలో పెద్ద అలజడి లేచింది. దాని వెంట నడిచి ఒక ఇంటి తలుపు తట్టారు. ఆ ఇంటివాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత టీవీని రోజూ ఆ వేళకు ఆన్ చేస్తున్నారు. ఊరి ఇంటర్నెట్‌ను పడగొట్టింది ఆ టీవీ. తెలిసి ఇంటివాళ్లు నొచ్చుకున్నారు, వెంటనే దాన్ని వాడటం మానేశారు. 2020 సెప్టెంబరులో ఈ సంగతి ప్రపంచమంతా వార్త అయింది.

అక్కడ టీవీ ఇంటర్నెట్‌ను చెరిచింది, ఇక్కడ ఇంటర్నెట్ డబ్బా మైకును చెరుస్తోంది. అయితే అబర్‌హోసన్‌లో వానలో నడిచి వెతికినవాళ్లు ఉన్నారు. మన పల్లెల్లో ఆ పని మైక్‌సెట్ కుర్రాళ్ల మీద, రేడియో మెకానిక్‌ల మీద పడింది. వాళ్లకు కొలిచే యంత్రం లేదు. చెవి ఉంది, అనుభవం ఉంది. ఇంత నేర్పు ఉన్న ఆ వృత్తిని మనం గుర్తించడం లేదని నాకు బాధగా ఉంటుంది.

ఆళ్లగడ్డలో ఒక పాట

ఆళ్లగడ్డ అనగానే రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు కళ్లముందు మెదులుతాయి. ఉలి, సుత్తితో పాటు ఇప్పుడు గ్రైండర్ కూడా రాయిని కోస్తుంది. గ్రైండర్ మోటారులో కార్బన్ బ్రష్‌లు రాసుకున్నప్పుడల్లా నిప్పురవ్వలు పుడతాయి. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో కేంద్రమే. కాబట్టి ఆ చుట్టుపక్కల విద్యుత్ అలజడి కొత్త సంగతేమీ కాదు. తేడా ఒక్కటే. గ్రైండర్ సాయంత్రానికి ఆగుతుంది, అడాప్టర్ ఆగదు.

ఇలాంటి ఊళ్లో ఒక డిగ్రీ చదివే అమ్మాయి అవ్వ నేర్పిన పాటలు ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతోంది. చిన్న మైకు, వాయిదాల మీద కొన్న ల్యాప్‌టాప్. రాత్రి ఊరు సద్దుమణిగాక పాడుతుంది. మొదట్లో ప్రతి పాట వెనకా ఒక సన్న మోత. మైకు బాగాలేదేమోనని ఇంకోటి కొన్నది. తర్వాత ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద పాడి చూస్తే సగం పోయింది. రూటర్ అడాప్టర్ తీసి, రూటర్‌ను కరెంటు పోయినప్పుడు ఆదుకునే చిన్న యూపీఎస్ మీద నడిపితే మిగతా సగం పోయింది. వృథాగా కొన్న రెండో మైకు డబ్బులు వాళ్లింట్లో చిన్న మొత్తం కాదు.

చెవి మిషన్ పెట్టుకునే పెద్దవాళ్ల అవస్థ ఎవరికీ తట్టదు. కొన్ని మిషన్లలో టెలికాయిల్ అనే తీగచుట్ట ఉంటుంది. ఫోన్ మాటను అయస్కాంత క్షేత్రం ద్వారా పట్టుకోవడానికి దాన్ని పెడతారు. అడాప్టర్ పక్కన కూర్చుంటే అదే చుట్ట దాని మోతనూ పడుతుంది. టీవీ కింద ఫైబర్ బాక్సు, దాని పక్కనే తాత కుర్చీ. ఆయన మాటిమాటికీ మిషన్ తీసి పక్కన పెడుతుంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. కుర్చీ నాలుగడుగులు ఇవతలికి జరిపితే తీరిపోయే బాధ అది.

■ బాక్స్: ఇంట్లోనే పరీక్ష

● మోత వస్తున్నప్పుడు అడాప్టర్లు ఒక్కొక్కటే పూర్తిగా ఊడబీకండి. స్విచ్ ఆపితే చాలదు. కొన్ని బోర్డుల్లో స్విచ్ ఫేజుకు బదులు న్యూట్రల్‌ను తెంపుతుంటుంది.

● దొంగ దొరికాక రూటర్‌ను 12 వోల్టుల మినీ యూపీఎస్ మీద పెట్టి, దాని ప్లగ్గు కూడా తీసి చూడండి. మోత ఆగితే తప్పు అడాప్టర్‌దే.

● యాంప్లిఫైయర్‌ను, నెట్ పరికరాలను ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టవద్దు. మైకు తీగను కరెంటు తీగ పక్కనే పరచవద్దు. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

● టీవీ బాక్సు, ల్యాప్‌టాప్ నుంచి పాట తీసుకునే తీగ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పాట దాటుతుంది, కారే కరెంటు దాటదు.

● మైకు తీగ చాలా దూరం లాగాల్సిన చోట మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ వాడండి. రెండు తీగల్లో పాట ఎదురుబొదురుగా, మోత ఒకేలా వస్తుంది. యాంప్లిఫైయర్ ఆ తేడాతో మోతను కొట్టేస్తుంది.

● ఇంటి కరెంటు తీగల మీదే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య, కొన్ని ఇంకా పైదాకా, పనిచేస్తాయి. షార్ట్‌వేవ్ వినేవాళ్లు, హామ్ రేడియో వాళ్లు వాటిని ఇంట్లోకి రానివ్వకపోవడమే మేలు.

అడిగే నాథుడు

విద్యుత్ అలజడిని అదుపు చేయాలన్న ఆలోచన రేడియో అంత పాతది. 1934లోనే పారిస్‌లో సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ కమిటీ పని మొదలుపెట్టింది. ఏ పరికరం ఎంతకు మించి అలజడి చేయకూడదో ఆ కమిటీ ప్రమాణాలు చెబుతాయి. తీగల్లోకి దిగే అలజడికి 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా హద్దులున్నాయి. మన కడప 900 ఆ హద్దుల లోపలిదే.

మన దేశంలో వైఫై రూటర్లకు టెలికాం శాఖ తప్పనిసరి పరీక్షలు పెట్టింది. వాటిలో విద్యుదయస్కాంత అలజడి పరీక్ష కూడా ఒకటి. అడాప్టర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది ముఖ్యంగా భద్రతను చూస్తుంది, అంటే షాకు కొట్టదా, మంట రాదా అని. రూటరుతో వచ్చిన అడాప్టర్ పిడుగుకో, కరెంటు హెచ్చుతగ్గులకో కాలిపోయిన రోజున అసలు చిక్కు మొదలవుతుంది. బజారులో పేరూ ఊరూ లేని డబ్బా తక్కువకు దొరుకుతుంది. "12 వోల్టులు, పిన్ను సరిపోతుంది, తీసుకో అన్నా" అంటాడు అంగడి కుర్రాడు. దాని మీద రిజిస్ట్రేషన్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉన్నాయా అని అడగండి. లేకపోతే వద్దని చెప్పండి. ఆ గుర్తు మోత రాదని హామీ ఇవ్వదు. కనీసం నిప్పు రాదని కొంత భరోసా.

కనెక్షన్ ఇచ్చే సంస్థలను ఒకటి అడగాలి. గోడకు బాక్సు బిగించే మనిషి వెళ్లే ముందు ఆ సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో చూసి చెప్పాలి. మూడు లైట్ల సాకెట్ టెస్టర్‌తో అది నిమిషం పని. ఎర్త్ లేకపోతే ఇంటివాళ్లకు కాగితం మీద రాసివ్వాలి. గుళ్లు, బడులు, పంచాయతీ ఆఫీసులు వంటి పదిమంది చేరే చోట్ల ఎర్త్ లేకుండా బాక్సు బిగించకూడదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఇప్పుడున్న పని పట్టికలో ఒక గీత చేరిస్తే చాలు.

గుడి కమిటీల వాళ్లు ఆలోగా చేసుకోదగ్గది ఉంది. ఎర్త్ గుంత ఎక్కడుందో ముందు కనుక్కోండి. చాలాచోట్ల అది బండల కింద కప్పబడిపోయి ఉంటుంది. పైపు పైన క్లాంపు దగ్గర తుప్పు గీకించి, బోల్టు బిగించి, తీగ తెగలేదని చూపించుకోండి. గుంత పాతదైతే కొత్త బొగ్గు, ఉప్పు వేయించండి. ఎండాకాలమంతా రెండు మూడు రోజులకోసారి ఒక బిందె నీళ్లు పోయండి. లైన్‌మ్యాన్‌తో గానీ, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో గానీ నిరోధం కొలిపించి, ఆ అంకెను, తేదీని మెయిన్ బోర్డు పక్కన రాయించండి. వచ్చే ఏడు మోత వస్తే మైక్‌సెట్ కుర్రాడు మొదట చూసేది ఆ అంకెనే.